గేటు దగ్గరి మిలిటరీ అన్న

గల్ఫ్‌లోని షినాస్‌లో మా కంపెనీ గోడౌన్ గేటు దగ్గర కాపలా ఉండే మనిషిని మేమంతా మిలిటరీ అన్న అనేవాళ్లం. కడప వైపు ఆయన. సైన్యంలో రిటైరై వచ్చినా, "ఇంకా రిజర్వులోనే ఉండా నాయనా, పిలుపొస్తే పోవాల్సిందే" అంటూ రోజూ బూట్లు పాలిష్ చేసుకునేవాడు. డ్యూటీ టైము అయిపోయినా, రిలీవర్ వచ్చి ఎదురుగా నిలబడేదాకా గేటు వదిలేవాడు కాదు.

తుఫాను నాడు వాగు పొంగుతోందని మమ్మల్ని హడావిడిగా బస్సెక్కించారు. కిటికీలోంచి "నువ్వూ రా అన్నా!" అని అరిచాను.

"రిలీవర్ రాలా, ఆర్డరూ రాలా. మీరు పోండి" అన్నాడు.

"మీరొక్క ఫోన్ చేస్తే కదులుతాడు సార్" అని బస్సులో ముందు సీట్లో ఉన్న సూపర్‌వైజర్‌ని బతిమాలాను.

"చేస్తాలే, కూర్చో" అన్నాడు. నేను కూర్చున్నాను. అతను చెయ్యలేదు.

వాగు గేటుతో సహా ఆయన్ని ఈడ్చుకుపోయింది. కంపెనీ రిపోర్టులో కారణం దగ్గర "సొంత నిర్లక్ష్యం" అని రాశారు! పోస్టు వదలకపోవడం నిర్లక్ష్యమా? మరి జేబులో ఫోను పెట్టుకుని బస్సులో కూర్చున్నవాడిదేమిటి? దాని గురించి ఒక్క ముక్క లేదు.

నీళ్లు తగ్గిన మర్నాడే, గేటు కూడా మిగలని ఆ చోటికి, పొద్దున సరిగ్గా ఆరింటికి, రిలీవర్‌ని పంపారు.