బురుల్ చెయ్యి

నారిన్ కొండల్లో ఎవరి నడుము పట్టేసినా, ఎవరి మోకాలు వాచినా ముందు బురుల్ ఇంటి దారే పట్టేవారు. డాక్టరు సంగతి ఆ తర్వాతే. ఆమె అర్చా చెట్టు ఆకులు ఉడకబెట్టి ఆవిరి పట్టేది. గొర్రె తోక కొవ్వు కరిగించి, అందులో కొండ మూలికలు కాచి మర్దన చేసేది. పైన ఉప్పు మూటతో కాపడం పెట్టి, గొర్రెతోలు చుట్టి పంపేది. గుర్రం మీద మూలుగుతూ వచ్చినవాడు పాట పాడుకుంటూ పోయేవాడని చెప్పుకునేవారు. అందులో కాస్త ఉప్పూకారం కలిసినా, సగమైతే నిజమే.

ఈ విద్య ఆమెకు నాయనమ్మ కలిచా నుంచి వచ్చింది. వేసవిలో మందలతో పాటు పైమేతలకు ఎక్కినప్పుడు, తేనెటీగలు ముసిరే పూల మధ్య ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ మూలికలు ఏరేవారు. "వేరంతా లాగకే! మళ్ళీ ఏడాది ఏం తవ్వుకుంటావు, నా తలా?" అని నాయనమ్మ కసిరేది. ఎంత హాయి రోజులవి! ఆ తిట్లు తలుచుకుంటే బురుల్‌కు ఇప్పటికీ నోట్లో అప్పుడు చప్పరించిన ఎండు పెరుగు ఉండల పులుపు ఊరుతుంది.

మందు కాచడం చూసి నేర్చుకోవచ్చు. 'చెయ్యి', అంటే నొప్పి తీసే హస్తవాసి, మాత్రం ఒకరు ఇవ్వాలి, ఒకరు పుచ్చుకోవాలి. మర్దనకు ముందు తమను కాచే దేవతను తలుచుకుని "నా చెయ్యి కాదు, ఉమాయ్ తల్లి చెయ్యి" అని, ఆ వెంటనే తనకు చెయ్యి ఇచ్చినవాళ్ళ పేర్లు పైకి చెప్పాలి. పేరు మింగేస్తే నొప్పి కదలదని వాళ్ళ నమ్మకం.

ఇప్పుడు బురుల్ వేళ్ళే వాచి వంకర్లు పోయాయి. గిన్నె మూత తీయడం కూడా గగనమైపోయింది. ఆడపిల్లలు లేరు. ఉన్నది కోడలు కెంజెగుల్. కాపడం పెట్టడంలో, మందు కాచడంలో ఆమె అత్తను ఎప్పుడో దాటేసింది, ఆ మాట బురుల్ చచ్చినా ఒప్పుకోదు. చిక్కల్లా ఒక్కటే. అక్కడ కోడళ్ళు అత్త పేరు నోటితో పలకకూడదు. బురుల్ అంటే నెరిసిన రంగు. అందుకని కెంజెగుల్ ఇంట్లోని నెరిసిన రంగు గుర్రాన్ని కూడా "ఆ బూడిదది" అనే అంటుంది. అత్తను మాత్రం అందరు కోడళ్ళలాగే, అమ్మా అన్నట్టు, "అపా" అని పిలుస్తుంది.

మొదటిసారి గొర్రెల కాపరి ఇసాబెక్ నడుం పట్టేసి వస్తే, బురుల్ కోడల్నే కూర్చోబెట్టింది. "నా చెయ్యి కాదు, ఉమాయ్ తల్లి చెయ్యి, కలిచా చెయ్యి, అపా చెయ్యి" అని కెంజెగుల్ గొణిగింది.

"ఏ అపా తల్లీ? ఈ లోయ నిండా అపాలే!" అని ఇసాబెక్ బోర్లా పడుకునే నవ్వాడు. నవ్వాడే గాని, వచ్చినప్పటిలాగే మూలుగుతూ వెళ్ళాడు.

అతను గడప దాటగానే బురుల్ విరుచుకుపడింది. "నోరు పడిపోయిందటే? పేరు చెప్పడానికేం రోగం?"

"నన్ను చంపినా నావల్ల కాదు అపా. కాపురానికొచ్చిన కాణ్ణించి అనని మాట ఇప్పుడెట్టా అంటాను? ఊళ్ళోవాళ్ళు మొహాన ఉమ్మరూ?"

"వాళ్ళ నడుములు పట్టేసిన రోజున ఏమంటారో అది చూసుకో! నాతోపాటే చెయ్యి మట్టిలో కలిసిపోతే, అక్కడ నాయనమ్మకు ఏం చెప్పుకోను?"

కెంజెగుల్ బిందె తీసుకుని పాలు పితకడానికి పోయింది. బురుల్‌కు మొదటిసారి నిజంగా భయం వేసింది.

తొలి మంచు పడ్డాక బురుల్ మోకాళ్ళు రెండూ వాచిపోయాయి. పొద్దున్నే లేవబోయి లేవలేక, పరుపు మీదే కూలబడింది. కెంజెగుల్ కొవ్వు వెచ్చబెట్టి తెచ్చి, అత్త కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుంది.

"నా చెయ్యి కాదు. ఉమాయ్ తల్లి చెయ్యి. కలిచా చెయ్యి." అక్కడ ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క గుక్కలో అనేసింది. "బురుల్ చెయ్యి."

బురుల్ ఉలిక్కిపడింది. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాయనమ్మ పోయింది, అక్కలు పోయారు, చివరికి మొగుడూ పోయాడు. ఆ తర్వాత ఆమె అందరికీ అపా, పిల్లలకు అవ్వ, అంతే. తనకూ ఒక పేరుందని తనే మరిచిపోయింది. చెయ్యి దక్కిందన్న సంతోషం ఒకవైపు, ఎన్నాళ్ళకో తనను ఎవరో పిలిచారన్న దుఃఖం ఒకవైపు. ఆపుకోలేక ఏడ్చేసింది.

కెంజెగుల్ కంగారుపడి చేతులు వెనక్కి తీసుకుంది. "గట్టిగా నొక్కానా అపా? నొప్పెడుతోందా?"

"నొప్పి ఇంకా పోలేదే," అంది బురుల్, ముక్కు ఎగబీలుస్తూ. "మళ్ళీ మొదట్నుంచి చెప్పు."