సమూయేలుగారి బండి, జాక్లిన్ చూసిన సున్నా

జాక్లిన్ మా గిరావీన్ వీధికి వచ్చింది 2016లో. చీరాల నుంచి ఈ దేశానికి చదువుకోను వచ్చిన పిల్ల. మా పక్కింటి సమూయేలుగారి వెనక గదిలో అద్దెకి దిగింది. పెట్టె లోపల పెట్టిందో లేదో, నేను కంచె మీంచి తల పెట్టాను.

"ఏం చదువుతున్నావమ్మా?"

"కార్ మెకానిక్ కోర్సు ఆంటీ."

"హాయిగా నర్సింగ్ చదవక, ఇదేం పోయేకాలం?"

"ఇదీ నర్సింగే ఆంటీ. పేషెంటు నోరు విప్పి చెప్పదు, అంతే తేడా."

నాకు నచ్చేసింది. పొద్దున క్లాసులు, సాయంత్రం పెట్రోల్ బంకులో పని, ఆదివారం చర్చిలో పాట. గోళ్ళ కింద గ్రీజు ఎంత తోమినా పోయేది కాదు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు పాపం వేళ్ళు ముడుచుకునేది.

సమూయేలుగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన భార్య అమృతం వదిన ఈ దేశం వచ్చిన కొత్తలో, మా వీధికి వెయ్యి కిలోమీటర్ల పైన ఉండే బ్రోకెన్ హిల్ అవతల, ఎర్రమట్టి దారిలో లోపలికి వెళ్తే వచ్చే ఒక గని ఊళ్ళో నర్సు. వాళ్ళ తొలిబిడ్డ అక్కడే పుట్టి, అక్కడే పోయింది. ఆ మట్టిలోనే పెట్టారు. ఏటా ఈస్టరుకి జీపులాంటి తెల్ల డీజిల్ ఫోర్‌వీల్ బండి వేసుకుని ఇద్దరూ వెళ్ళొచ్చేవాళ్ళు. వదిన పోయాక ఆయన వెళ్ళలేదు. ఇప్పుడు ఆయన కిడ్నీలు చెడ్డాయి. ఈస్టరు దాటగానే డయాలసిస్ అన్నారు డాక్టర్లు. అది మొదలైతే వారానికి మూడుసార్లు ఆసుపత్రే. ఇక అంత దూరం కుదరదు.

"ఒక్కసారి బిడ్డ దగ్గరికి వెళ్ళొస్తాను" అనేవాడు. బండేమో ఎండకి ఇంజన్ నీరసించి ఆగిపోతోంది. కొడుకు డేనీ "జస్ట్ సెల్ ఇట్, డాడ్" అంటాడు. ఆ మట్టిదారిలో వాడి చిన్నకారు పోదు.

జాక్లిన్ మీద భారం పడింది. "తొంభై నాలుగు మోడల్ కదా ఆంటీ. ఆ రోజుల్లో కంపెనీకో భాష. బండికి గుచ్చి లోపాలు చదివే స్కానర్లు ఇప్పుడన్నీ ఒకే భాష మాట్లాడతాయి. వైరు మార్చి గుచ్చితే గుచ్చుకుంటుంది, అంతమాత్రాన మాట కలవదు. ఈ బండి భాష వచ్చిన స్కానరే వెతకాలి." సెకండ్ హ్యాండుది ఒకటి, బ్రోకెన్ హిల్ దారిలో ఉన్న డబ్బో ఊళ్ళో అమ్మకానికి ఉందని చూసింది. క్లాసులో మేష్టారిని అడిగి తెప్పిద్దామనుకుంది.

సమూయేలుగారికి ఆగే ఓపిక లేదు. డేనీ కారుకి వాడే ఫోన్ స్కానర్ లాంటిదే తెప్పించాడు. శనివారం మధ్యాహ్నం గుచ్చారు. లోపాలేమీ లేవని ఫోన్లో వచ్చింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని లోపలికెళ్ళిపోయాడు. జాక్లిన్ మాత్రం ఫోన్ వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఏమిటే?"

"ఇంజన్ తిరుగుతోందా ఆంటీ?"

"వీధంతా వినబడుతోంది కదే!"

"ఇందులో ఇంజన్ తిరుగుడు సున్నా చూపిస్తోంది. లోపాల్లేక కాదు, బండి దీనితో అసలు మాట్లాడలేదు. సోమవారం మేష్టారిని అడిగి అంకుల్‌కి చెప్తా."

సోమవారం కన్నా ముందు ఆదివారం వస్తుంది కదా. మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలుంటాయి. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. సమూయేలుగారు లేచారు. మెకానిక్కులు చెయ్యలేనిది ప్రభువు చేశాడు, నా బండిలో లోపం లేదు, నన్ను నా బిడ్డ దగ్గరికి పంపుతున్నాడు అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. జాక్లిన్ పెదాలు కదల్లేదు.

బయటికొచ్చాక రెక్క పట్టుకున్నాను. "చెప్పవే!"

"ఇంతమంది ఆమెన్ అన్నాక, ఆయన సాక్ష్యం అబద్ధమని నేనెట్లా చెప్పను ఆంటీ? అమృతం ఆంటీ పోయాక ఆయన నవ్వగా చూశారా మీరు?"

మర్నాడు మెల్లగా అందట, "అంకుల్, ఇంకో స్కానర్‌తో ఒకసారి చూద్దామా" అని. "దేవుడు బాగుచేసినదాన్ని మళ్ళీ పరీక్ష పెడతామా తల్లీ?" అన్నాడాయన. ఈస్టరుకి ఆయన్ని ఒంటరిగా పంపలేక జాక్లినే తోడు బయల్దేరింది.

సగం దారి పైన, కోబార్ ఊరు దాటాక బండి ఆగింది. చెట్టూ పుట్టా లేని రోడ్డు, నడినెత్తిన ఎండ. టోయింగ్ లారీ వచ్చేసరికి ఆయన సొమ్మసిల్లాడు. కోబార్ షెడ్డువాడు తన పాత స్కానర్ గుచ్చితే బండి అన్నీ చెప్పింది. ఇంజన్ వేడి కొలిచే చిన్న పార్టు ఎప్పుడో పాడైంది. ఇప్పుడు ఇంజనే పగిలింది. ఆయన్ని డబ్బో ఆసుపత్రిలో చేర్చి, అక్కడే డయాలసిస్ మొదలుపెట్టారు.

తర్వాత మా ఇళ్ళకి దగ్గరని పారమట్టా వైపు ఆసుపత్రికి మార్చారు. ఒకరోజు మేమిద్దరం వెళ్ళాం. జాక్లిన్ ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"అంకుల్, ఆ స్కానర్ బండితో మాట్లాడనే లేదు. ఇంజన్ తిరుగుతుంటే సున్నా చూపించింది. నాకు ఆరోజే తెలుసు."

ఆయన రక్తం తిరుగుతున్న గొట్టాల వంక చూస్తూ ఉన్నాడు. "చెప్తే వినేవాణ్ణంటావా?"

"వినేవారు అంకుల్. నేనే సరిగ్గా చెప్పలేదు."

"వినేవాణ్ణే" అన్నాడాయన.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బిడ్డ సమాధికి దారి చెప్పడం మొదలుపెట్టాడు. ఇనుప గేటు దాటి ఎడమకి తిరగాలట. చెక్క సిలువని చెదలు తినేస్తే వదిన రాళ్ళు పేర్చిందట. గాలికి ఇసుక కప్పేస్తుందట, ఏటా ఇద్దరూ చేతుల్తో తోసేవాళ్ళట. జాక్లిన్ తల ఊపుతూ విన్నది.

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. బండిని డేనీ పాత సామాన్లవాళ్ళకి ఇచ్చేశాడు.

జాక్లిన్ చదువు ముగించి డబ్బోలో, పాత ఫోర్‌వీల్ బండ్లు బాగుచేసే షెడ్డులో చేరింది. ఏ స్కానర్ చేతికిచ్చినా, లోపాలు చదవకముందు ఇంజన్ తిరుగుడు సరిగ్గా చూపిస్తోందో లేదో చూస్తుందట. బండివాళ్ళు విసుక్కున్నా వాళ్ళ మొహం మీదే చెప్తుందట, ఇది నమ్మకండి అని.

మొన్న ఫోన్లో అడిగాను. "ఆ బిడ్డ దగ్గరికి వెళ్ళావుటే? మాకన్నా నీకిప్పుడు దగ్గరేగా."

"రెండుసార్లు బయల్దేరాను ఆంటీ. కోబార్ దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. ఆయన ఆగిపోయిన చోటు దాటబుద్ధి కావట్లేదు."