గోధుమలో జిగురు

ఆటోనగర్‌లో మా పిండిమిల్లు గేటు దగ్గర ఒక పెద్దాయన కూర్చునేవాడు. గోధుమ లారీ రాగానే గుప్పెడు గింజలు నోట్లో వేసుకుని, మింగకుండా నమిలేవాడు. చివరికి మిగిలిన జిగురు ముద్దను వేళ్ళతో లాగి చూసేవాడు. సాగితే లారీ లోపలికి, పుటుక్కున తెగితే వెనక్కి. జిగురు లేని పిండి పంపితే పరోటా మాస్టర్లు మా వంశాన్నంతా తిడతారు కాబట్టి ఆయన నోటికి తిరుగులేదు. ల్యాబ్‌లో సైన్సు డిగ్రీతో కూర్చున్న నేను కూడా పరీక్షలు మానేసి, ఆయన చెప్పిందే రిజిస్టర్లో రాసేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఆయన వరసపెట్టి లారీలు తిప్పి పంపడం మొదలుపెట్టాడు.

"జిగురు నేదు బావా. గింజ కూడా బక్కసిక్కిపోయింది," అనేవాడు నాతో.

యజమానికి ఒళ్ళు మండింది. "ఇన్ని లారీలూ చెడ్డవా, ఈయన నోరు చెడిందా?" అని నన్నడిగాడు. నోరే అన్నాను. కదిలే పళ్ళతో నమిలితే జిగురెలా వస్తుందని శాస్త్రీయంగా వివరించాను కూడా. పళ్ళు బాగుచేయించుకుంటేనే గేటు దగ్గర ఉద్యోగం అని యజమాని తేల్చేశాడు.

సీతమ్మధారలో పళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. నాలుగు దవడ పళ్ళు పీకి, కట్టుడు పళ్ళు పెట్టారు. ఆయన వచ్చి, నొప్పి ఓర్చుకుంటూ నమిలాడు.

"ఇప్పుడూ నేదు," అన్నాడు.

అందరం నవ్వాం. ఆయన పొరపాటు రుజువు చేద్దామని ఆ గోధుమ పిండి ముద్ద కలిపి కుళాయి కింద కడిగాను. గంజంతా కొట్టుకుపోయాక చేతిలో మిగిలిన చిటికెడు జిగురు చూసి నా నవ్వు ఆగిపోయింది. మిగతా లారీల శాంపిళ్ళూ కడిగాను. అన్నీ అంతే.

అప్పుడు తీరిగ్గా చదివాను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే గోధుమ ఏపుగానే ఎదుగుతుందట. గింజలో గంజి, అంటే పిండిపదార్థం, పెరిగి, జిగురునిచ్చే ప్రోటీన్ తగ్గుతుందట. ఎండలు ముందే ముదిరితే గింజ నిండకుండానే పండిపోతుందట. మా లారీల రోగం ఇదేనని ఒట్టేసి చెప్పలేను గానీ, ఆయనకు మాత్రం చెప్పాను.

"గాలిది తప్పయితే నా పళ్ళు పీకించినావేటి బావా?" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. గట్టి గింజలు ఇక నమలకూడదని డాక్టరు చెప్పేశాడు. నమలలేని మనిషికి గేటు దగ్గర పనేమిటని యజమాని అడగకముందే నేను వెళ్ళి మాట్లాడాను.

ఇప్పుడు గోధుమలు నేను నములుతున్నాను. ముద్ద తీసి ఆయన చేతిలో పెడితే లాగి చూస్తాడు, నా వంక జాలిగా చూస్తాడు.

"సరిగ్గా నమల్నేదు బావా. మళ్ళీ నములు."