సంతలో నేను కొన్న లైటు

"ఆ ఫోను ఇట్లియ్యే! దాన్ని చూసి చూసే నీ తల పగులుతాండాది."

"ఫోను కాదవ్వా, ఆ ట్యూబ్‌లైటు. అదురుతాండాది."

"నేనూ చూస్తాండా గదా. నాకు కనపడని అదురు నీకెట్ల కనపడ్తాదే?"

"నీకేం, గడప కాడ కూర్చోని పెత్తనం చేస్తావు. పొద్దంతా దాని కింద కూర్చునేది నేను!"

ఇది నాకూ నా మనవరాలు శైలజకూ జరిగిన తగాదా. మా మహిళా సంఘం ఆఫీసు మా ఇంటి ముందర గదిలోనే ఉంది. సంఘం పెద్దను నేను. చదివింది మూడో తరగతి. కంప్యూటరు పని శైలజది. దుమ్ముగాలికి జడిసి కిటికీ ఎప్పుడూ మూసే ఉంచేదాన్ని. అందుకని పగలంతా లైటు వెలగాల్సిందే. పాతది కాలిపోతే, సంతలో చవకగా దొరుకుతున్నాయని రెండు కొన్నాను. ఒకటి బిగించాం, ఒకటి దాచాను.

ఆ వారమే ఒకరోజు పదిగంటలకు శైలజ సంగటి ముద్ద ముట్టకుండా గిన్నె పక్కకు నెట్టింది. కణతలు పట్టుకుంది. మధ్యాహ్నానికి వాంతి. శొంఠి పట్టు వేశాను, దిష్టి తీశాను, ఫోను లాక్కుని పెట్టెలో పెట్టి బీగం వేశాను. తగ్గలేదు. నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. గడియకొకసారి వెళ్లి దాని ముఖం చూసి వచ్చేదాన్ని.

మండలం ఆసుపత్రిలో బీపీ చూశారు, "బ్లడ్ కొంచెం తక్కువ" అని ఐరన్ మాత్రలిచ్చారు. కళ్ల డాక్టరు "సైట్ ఏమీ లేదమ్మా" అన్నాడు. అనంతపురంలో పెద్ద డాక్టరు తలకు స్కాన్ తీయించి, "స్కాన్ నార్మల్. ఇది మైగ్రేన్" అన్నాడు. మాత్రలకు నాలుగు రోజులు నెమ్మదించి మళ్లీ మొదలైంది. పని మానేస్తానంది శైలజ. మానితే ఊళ్లో మిగిలేది శెనక్కాయ చేలో కూలి.

రెండోసారి అనంతపురం పోయినప్పుడు ఆ డాక్టరు అడిగాడు: "ఆదివారం కూడా వస్తుందా?"

"రాదు సార్."

"అయితే ఆఫీసులో లైటు చూడండి. కొన్ని కంటికి తెలియకుండా ఫ్లికర్ అవుతాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లలో కొందరికి అదే ట్రిగ్గర్."

ఆ లైటు కొన్నది నేనేనని అక్కడ నోరు తెరవలేదు. ప్రయాణమని ఫోను తిరిగిచ్చాను గదా, ఇంటికి రాగానే తప్పంతా మళ్లీ ఆ ఫోను మీదకే తోశాను. మొదట చెప్పిన తగాదా అందుకే.

శైలజ ఫోను కెమెరా తెరిచి లైటు వైపు పట్టింది. తెర మీద నల్లని చారలు పారుతున్నాయి. వంటింటి బల్బు వైపు పట్టింది. ఒక్క చారా లేదు.

"చూడవ్వా. నువ్వు బీగమేసిన ఫోనే సాక్ష్యం చెప్తాండాది."



ఇప్పుడు శైలజకు తలనొప్పి ఎప్పుడైనా ఒకసారి వస్తుంది, మాత్ర వేసుకుంటుంది. పని మానలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఏదో ఒక గదిలో కూర్చున్నప్పుడే తలనొప్పి వస్తుంటే, డాక్టరు దగ్గరికి పోండి. పోయేముందు అక్కడి లైటును ఒకసారి ఫోను కెమెరాలో చూసి, కనబడింది ఆయనకు చెప్పండి.

తగాదా జరిగిన మరుసటి రోజు పొద్దున మెయిన్ ఆపి, స్టూలు ఎక్కి ఆ లైటు విప్పాను. దాచిన రెండోదాన్నీ తెచ్చి రెంటినీ పాత సామాన్ల సంచిలో వేశాను. కిటికీ తెరిచాను. బల్ల మీద దుమ్ము పడింది, తుడిచాను. మళ్లీ పడింది, మళ్లీ తుడిచాను. పదిగంటలకు శైలజ సంగటి ముద్దంతా తిని, ఖాళీ గిన్నె నా చేతికిచ్చింది.