కొళాయికి చుట్టిన సున్న

సైన్యంలో చేరడానికి వచ్చేవాళ్లకు పెట్టే పరీక్షల్లో ప్రశ్నలు సరిచూడటం నా ఉద్యోగం. ఒక ప్రశ్న మనిషి తెలివిని అడుగుతోందా, పుట్టిన ఊరిని అడుగుతోందా అని చూసి, ఊరిని అడిగేదాన్ని తీసేయించాలి. ఏళ్ల తరబడి దీని కోసం అందరితో పోట్లాడుతున్నందుకు, ఈ ఏడు మా వృత్తి సంఘం వాళ్లు అవార్డు ఇస్తామన్నారు. సభ కర్నూల్లో. ఈ పనిలోకి ఎందుకు వచ్చారో స్టేజి మీద చెప్పండి అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నేను ఈ పనిలోకి వచ్చింది మా అన్న వల్ల.

కోసిగి దగ్గర మా ఊరు. సైన్యంలో చేరాలని అన్న తెల్లారకముందే లేచి, రాళ్ల దారిలో పరుగెత్తి కాళ్లు పగలగొట్టుకునేవాడు. పరుగులో నెగ్గాడు, రాతపరీక్ష తప్పాడు. ఆ సంగతి తెలిసిన రోజు నేను ఏడుస్తూ కూర్చుంటే పక్కన చేరి ఒక ప్రశ్న గురించి చెప్పాడు. బావి, చెరువు, కొళాయి, లారీ బొమ్మలిచ్చి, వీటిలో కలవనిదేదో చూపమన్నారట. వాళ్ల లెక్కలో కలవనిది లారీ. మా అన్న కొళాయికి సున్న చుట్టి వచ్చాడు. మరి మా ఊరికి నీళ్లు వచ్చేది లారీలోనే. వీధి మొదట్లో ఒక కొళాయి పాతారు గానీ, దాంట్లోంచి గాలి తప్ప ఇంకేదైనా రాగా చూసినవాళ్లు లేరు. ఆ రోజు ఏడుపు మానేసి పడీపడీ నవ్వాను. కాలేజీకి వెళ్లాక ఆ నవ్వే కోపమైంది. ఆ కోపంతోనే ఇంత దూరం వచ్చాను.

అన్న మాత్రం పరీక్ష మాట మళ్లీ ఎత్తలేదు. ఏటా వదినతో కలిసి మిరపకోతలకు గుంటూరు వైపు పోయి వస్తాడు. తను తప్పిన సంగతి నలుగురిలో చెప్పి నేను శాలువా కప్పించుకోవాలా? చెప్పకపోతే ఇంకేం చెప్పినా అబద్ధమే. అడిగేద్దామని బస్సెక్కాను. ఎమ్మిగనూరు దాటేదాకా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను, ఒక్కటీ కుదరలేదు. వద్దంటాడని కాదు నా భయం. అన్న మనసు నొచ్చుకుంటే ఏమీ అనడు, లేచి వెళ్లిపోతాడు.

నేను వెళ్లేసరికి అన్న అరుగు మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. అవార్డు సంగతి చెబితే సంబరపడ్డాడు. కొళాయి సంగతి చెప్పాలనుకుంటున్నానన్నాను. చేతిలో చెప్పు కింద పెట్టాడు. అయిపోయింది, ఇక లేస్తాడు అనుకున్నాను. లేవలేదు.

"ఆ ఒక్కదాంతోనే తప్పినానంటావా పాపా?" అన్నాడు.

ఒక్క ప్రశ్నతో ఎవరూ తప్పరు. ఊరందరి విషయంలో నాకు తెలిసిన ఈ ముక్క, అన్న విషయంలో మాత్రం ఇన్నేళ్లూ గుర్తుచేసుకోలేదు. అవునంటే అబద్ధం. కాదంటే తనకు మిగిలిన ఊరట కాస్తా నేనే లాగేసుకున్నట్టు. తెలీదన్నాను.

"నాకు తెల్సు. లెక్కలు శానా తప్పు రాసింటి. సగం ముట్టనే లేదు. ఇంటికాడ నువ్వు ఏడుస్తాంటివి. నవ్వుతావని అదొకటి చెప్పినా."

కొళాయికి చుట్టింది నిజమేనా అని అడిగాను. ఆ మాట ఎలా అడిగానో నాకే తెలీదు.

"అది నిజమే. ఇప్పుడు పెట్టినా దానికే చుడతా."

మళ్లీ చెప్పు చేతిలోకి తీసుకుని, సభకు తనూ వస్తానన్నాడు.

కర్నూలు సభలో కొళాయి సంగతి చెప్పాను. దానివల్లే అన్న తప్పాడని మాత్రం చెప్పలేదు. హాలంతా నవ్వింది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న అన్న నవ్వలేదు. నేను ఎక్కడ ఏడుస్తానోనని నా ముఖంలోకే చూస్తున్నాడు.