జాన్ బాషా పెదవి

మా ఊళ్లో సీతారాముల కల్యాణానికి సన్నాయి ఊదేది సాయిబులు. బయటినుంచి వచ్చినవాళ్లు అది చూసి తెగ ఆశ్చర్యపడి ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. జాన్ బాషా తాత ఊదాడు, తండ్రి ఊదాడు, తర్వాత బాషా ఊదాడు. పక్కన కూర్చుని మా తాత, మా నాన్న, ఆ తర్వాత నేను డోలు వాయించాం. దర్శి అవతల పత్తి, మిరప చేల మధ్య ఊరు మాది. మా ఇంట్లో క్షౌరమూ డోలూ రెండూ కులవృత్తే, వాళ్లింట్లో సన్నాయి. ఇందులో వింత ఏముందో నాకిప్పటికీ తెలియదు. వింతంటూ ఉంటే అది బాషా పెదవిలో ఉండేది.

సన్నాయి కొసన రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. దాన్ని పెదవుల మధ్య పట్టి ఊదాలి. వేళ్లు స్వరాన్ని చూపిస్తాయంతే, దాన్ని సాగదీసేదీ వణికించేదీ అణిచేదీ పెదవే. బాషా వాళ్ల వంశంలో అందరూ పీకను నడిమధ్యన కాకుండా ఎడమపక్కకి పట్టేవాళ్లు. ఆ ఎడమ పెదవిని వాడు పసిబిడ్డను సాకినట్టు సాకేవాడు. చలికాలం వెన్న రాసేవాడు. మిరపచేల మధ్య పుట్టి కారం ముట్టేవాడు కాదు. పెళ్లి భోజనాల్లో మేమంతా గోంగూర పచ్చడి కలుపుకుని చెమటలు కక్కుతుంటే వాడు పెరుగన్నం ముందు మునిలా కూర్చునేవాడు.

"నువ్వసలు ఈ జిల్లాలోనే పుట్టావంట్రా?" అనేవాణ్ణి.

"నీది తోలు వాయిద్యంరా రోశయ్యా. చినిగితే ఇంకో తోలు వేయించుకుంటావు. నాకు ఇంకో పెదవి ఎవడేస్తాడు?" అనేవాడు.

పొగరుబోతు. ఇంకొకరి సన్నాయి బాగుందని వాడి నోట నేనెప్పుడూ వినలేదు. తీరా ఊదడం మొదలుపెట్టాక ఆ పొగరునంతా క్షమించబుద్ధయ్యేది.

జబ్బు నా కొట్లోనే బయటపడింది. శ్రావణమాసం పెళ్లిళ్లకు ముందు గడ్డం గీయించుకోడానికి వచ్చాడు. నురగ రాస్తూ బ్రష్షు ఎడమవైపుకి తెచ్చానో లేదో కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"ఒరేయ్, కరెంటు!" అని అరిచాడు.

నేను నిజమేననుకుని గోడకున్న ప్లగ్గు పీకేశాను. కుర్చీ అంతా తడిమాను. కరెంటు కుర్చీలో లేదు, వాడి దవడలో ఉంది. చెవి ముందు పుట్టి, కింది పళ్ల మీదుగా గడ్డం దాకా దూసుకొచ్చి ఆగిపోయిందట. ఉన్నది రెప్పపాటే. ఆ రెప్పపాటుకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు సగం గడ్డంతోనే ఇంటికెళ్లాడు.

మామూలు మనిషైతే నోటికి విశ్రాంతి ఇచ్చేవాడు. సన్నాయి ఇళ్లల్లో అలా చేయరు. పిల్లలు కొత్తగా ఊదేటప్పుడు దవడలు పీకుతాయి, ఏడుస్తారు. ఆపితే ఆ నొప్పి అక్కడే పాతుకుపోతుందని, ఊదుతూ ఉంటే గాలే దాన్ని తరిమేస్తుందని పెద్దవాళ్లు చెబుతారు. బాషాకి తండ్రి అలాగే నేర్పాడు. వాడు ఆ మాటే పట్టుకుని రోజూ మిద్దె ఎక్కి ఇంకా ఎక్కువ ఊదాడు. ఊదినకొద్దీ నొప్పి ముదిరింది. అప్పుడు తప్పు పళ్లదన్నాడు. పన్ను బాగానే ఉందయ్యా అని పళ్ల డాక్టరు మొత్తుకున్నా వినకుండా, పోరుపెట్టి దవడ పన్ను పీకించుకున్నాడు. నొప్పి పోలేదు. దాని పక్కదీ పీకించుకున్నాడు. రాయిలాంటి పళ్లు. వాటిని కాగితంలో చుట్టి తెచ్చి నాకు చూపించాడు.

వాడి భార్య సిద్దికా అన్నం మెత్తగా పిసికి పెట్టేది. "నమాజుకి మొహం కడుక్కోవాలన్నా వణికిపోతున్నాడన్నా. చన్నీళ్లు తగిలితే చాలు, గోడకి తలానించి నిలబడిపోతున్నాడు. దేవుడికేం చెప్పుకోవాలో తెలీటంలా" అంది నాతో.

అయినా పెళ్లిళ్లు మానలేదు. తుళ్లూరులో, రాజధానికి పొలాలిచ్చినవాళ్లింట పెళ్లి. ఏసీ హాలు. సరిగ్గా ఏసీ గాలి మొహాన కొట్టేచోట మమ్మల్ని కూర్చోబెట్టారు. బాషా ఎడమ చెంప మీదుగా కండువా చుట్టుకున్నాడు. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకంటే, ఆ క్షణాన ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ చెడ్డ మాటా పెళ్లివాళ్ల చెవిన పడకూడదు. పంతులు చెయ్యెత్తగానే రాగమూ తాళమూ పక్కనబెట్టి డోలూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడాలి. చివరి ముడి పడేదాకా ఆగకూడదు.

పంతులు చెయ్యెత్తాడు. విరుచుకుపడ్డాం. రెండో ముడి దగ్గర సన్నాయి కీచుమని అరిచి తెగిపోయింది. బాషా రెండు చేతులూ మొహానికి దగ్గరగా పెట్టి, తాకలేక, నోరు తెరవలేక, పక్కకి ఒరిగిపోతున్నాడు. నేను కర్ర వదిలేసి వాణ్ణి పట్టుకున్నాను. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మారు.

పెళ్లికూతురి నాయనమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆవిడ భయం ఆవిడది. ఆ ముహూర్తాల్లోనే మాకు పిలుపులు తగ్గిపోయాయి. బాషా దానికి బాధపడలేదు. వాడి మనసులో ఒకటే తిరుగుతోంది.

"నవమికి కూడా ఇట్టాగే ఆగిపోతే? రాముడి తాళి దగ్గర ఆగితే ఎట్టారా?"

ఆఖరికి గుంటూరు తీసుకెళ్లాను. మిర్చి యార్డు పక్కనుంచి వెళ్లేటప్పుడు ఘాటుకి బస్సంతా దగ్గింది, తుమ్మింది. బాషా కూడా తుమ్మాడు. తుమ్మి, ముందు సీటు కమ్మీ పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. కిటికీ అవతల ఆడవాళ్లు తొడిమలు తీస్తూ, నవ్వుకుంటూ కనిపించారు. నాకు ఆ నిమిషాన ప్రపంచం మీదే కోపం వచ్చింది.

డాక్టరు ఉదయ్ కుమార్ ఓపిక ఉన్న మనిషి. బల్ల మీది ప్లాస్టిక్ పుర్రె తీసి, దవడ ఊడదీసి చూపించాడు.

"ఇది పంటి నొప్పి కాదండి, నరం నొప్పి. ఇదిగో, దవడ ఎముక వెనకాల, బాగా లోతులో ఈ ఇరుకు సందు చూడండి. పుర్రె అడుగున ఉన్న ఈ చిల్లులోంచి నరం ఇందులోకి దిగి కొమ్మలవుతుంది. ఒకటి నాలుకకి వెళ్తుంది. ఇంకోటి కింది పళ్లకి వెళ్లి, పెదవి దగ్గర బయటికొస్తుంది. పైన మెదడు దగ్గర ఒక రక్తనాళం ఈ నరాన్ని ఒరుసుకుంటోంది. అది కొట్టుకుని కొట్టుకుని నరం మీది పొర అరిగిపోయింది. ఇప్పుడు గాలి తగిలినా మీ నరం దెబ్బ తగిలిందనే చెబుతుంది."

"ఆ రక్తనాళం నాదేనాండీ?" అన్నాడు బాషా.

"మీదేనండి."

"నాదే నన్ను కొడతందన్నమాట."

డాక్టరు నవ్వాడు, బాషా నవ్వలేదు.

మందులు కొన్నాళ్లు పనిచేశాయి. తర్వాత తల తిరగడం, రాగం మధ్యలో మరిచిపోవడం, ఒళ్లంతా దద్దుర్లు. ఆపేయాల్సి వచ్చింది. తల తెరిచి ఆ రక్తనాళాన్ని పక్కకి జరపొచ్చు గాని, అంతకుముందే స్టెంటు వేసిన బాషా గుండె అంత మత్తుకి తట్టుకోదన్నారు. మిగిలింది సూది. నోటి పక్కన చెంపలో గుచ్చి, ఆ ఇరుకు సందులోంచి, అక్కడున్న పెద్ద రక్తనాళానికి తగలకుండా పైకి పోనిచ్చి, చిల్లు దగ్గర నరాన్ని వేడితో కాల్చడం.

"నొప్పి పోతుంది. కానీ ఆ నరం నొప్పినొక్కదాన్నే మోయదండి, స్పర్శని కూడా మోస్తుంది. ఎడమవైపు పెదవులు, నాలుక మొద్దుబారొచ్చు. మీరేం పని చేస్తుంటారు?"

"సన్నాయి వాయిస్తానండి."

డాక్టరు పుర్రెకి దవడ తగిలించి బల్ల మీద పెట్టాడు. "ఇంట్లో మాట్లాడుకుని రండి" అన్నాడు.

ఇంట్లో సిద్దికా ఒకటే మాట అంది. "నాకు సన్నాయి అక్కర్లేదు, మనిషి కావాలి." అప్పటికి బాషా మంచినీళ్లు కూడా గుక్కెడే తాగి ఆగిపోతున్నాడు. చిక్కి సగమయ్యాడు. సాయంత్రం నా కొట్టుకొచ్చి కూర్చున్నాడు.

"రాగాలు పోతే పోనీరా. గట్టిమేళానికి రాగం అక్కర్లేదు కదా, ఊపిరుంటే చాలు. నవమికి ఆ కాస్తా ఊదితే నాకింకేం వద్దు" అన్నాడు.

అవునన్నాను.

సూది పని బాగా జరిగింది. నొప్పి పోయింది, నిజంగానే పోయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, సిద్దికా ఆ వారమంతా నవ్వుతూనే ఉంది. బాషా చన్నీళ్లతో మొహం కడుక్కుని నమాజు చేశాడు. నా కొట్లో కుర్చీలో దర్జాగా వాలాడు. చాలా కాలానికి వాడి ఎడమ చెంప నున్నగా గీశాను. గడ్డం దగ్గర కత్తికి కొంచెం తెగింది. బాషా ఉలకలేదు. అద్దంలో రక్తం చూసి నేనే పటిక రాశాను.

"మండుతుందా?"

"ఏది?" అన్నాడు.

మిరపకాయ బజ్జీలు తిన్నాడు, జన్మలో మొదటిసారి. ఎడమపక్క నమిలితే ఏమీ తెలియడం లేదట. సరదాగా ఇంకోటి తిన్నాడు. పెదవి కొరుక్కుని నెత్తురు కారుతుంటే సిద్దికా చూసి చెప్పింది. ఆ తర్వాత బజ్జీల జోలికి పోలేదు.

సన్నాయి పట్టిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఎడమ మూలనుంచి గాలి తుస్సుమని పోయింది. శ్రుతి నిలవలేదు. పీక పెదవుల్లో ఉందో లేదో వేలుపెట్టి చూసుకుంటున్నాడు. కుడిపక్కకి పట్టుకోరా అన్నాను.

"మా నాయన ఎడమనే పెట్టాడురా నాకు. ఈ వయసొచ్చినా కుడిపక్క నేనింకా పుట్టనే లేదు" అన్నాడు.

అయినా ప్రయత్నించాడు. పెయ్య అరిచినట్టు వచ్చింది. మళ్లీ ఎడమకే వెళ్లాడు.

నవమి వచ్చింది. గుడి కమిటీవాళ్లు కల్యాణమంతటికీ చీరాల నుంచి వేరే సన్నాయిని పిలిపించారు. గట్టిమేళం మాత్రం బాషాకి వదిలారు, నేను గొడవపెట్టుకున్నాను కాబట్టి. వాడు కొత్త పంచె కట్టుకుని ముందుగానే వచ్చి నా ఎడమపక్కన కూర్చున్నాడు. సిద్దికా గుడి బయట పందిరి కింద ఆడవాళ్లలో నిలబడింది. పందిరంతా వడగాలి.

పంతులు చెయ్యెత్తాడు. నేను కర్ర వేశాను. గంటలు, జనం కేకలు, తలంబ్రాల కోసం తోపులాట. బాషా కళ్లు మూసుకున్నాడు, బుగ్గలు పూరించాడు, వేళ్లు పరుగెత్తాయి. సన్నాయి మోగలేదు.

తిరిగి చూశాను. పీక పెదవుల మధ్య లేదు. మొద్దుబారిన పక్కనుంచి జారి చెంపకి ఆనుకుని ఉంది. గాలంతా నోటి మూలనుంచి పోతోంది. వాడికి తెలియలేదు. గట్టిమేళం హోరులో ఎవడి వాయిద్యం వాడికి వినపడదు. ఇన్నేళ్లూ ఆ హోరులో వాడు తన సన్నాయిని పెదవితోనే విన్నాడు.

చెయ్యిపట్టి చెబుదామంటే నా రెండు చేతులూ డోలు మీద ఉన్నాయి. ఆపితే మేళం ఆగుతుంది. అందుకని ఇంకా గట్టిగా కొట్టాను. తోలు చినిగిపోతుందనిపించేలా కొట్టాను. కొడుతూనే ఉన్నాను.

చివరి ముడి పడింది. ఆపాను. బాషా కళ్లు తెరిచాడు. మొహం వెలిగిపోతోంది.

"ఊదానురా రోశయ్యా! ఆగలేదు, చూశావా?" అన్నాడు.

అంటూ సన్నాయి దించబోయి, పీక చెంప మీదనుంచి రావడం చూసుకున్నాడు.

"ఎప్పుడు జారింది?"

"ఇప్పుడేరా. ఆఖర్న" అన్నాను.

వాడు బొటనవేలితో పీకని తడిమాడు. ఊదిన పీక ఉమ్మికి నాని ఉంటుంది. అది చైత్రమాసపు వడగాలికి పుల్లలా ఎండి ఉంది.

పీక ఊడదీసి నా చేతిలో పెట్టాడు. కండువా తీసుకుని నోరు తుడుచుకున్నాడు. వాడు తుడుచుకున్నది కుడివైపు. ఉమ్మి కారుతున్నది ఎడమవైపు. నా డోలు మీది తువ్వాలు తీసి నేనే తుడిచాను.