రెండో తరగతికి తగిన పార్కు

నేను కంభం పక్కన ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా బదిలీ అయింది రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో. బడిలో నాతో కలిపి ముగ్గురు టీచర్లం. ఏటా ఆటల పార్కుకు పోయే విహారయాత్రకు మూడో తరగతి నుంచి పైవాళ్లే పోయేవాళ్లు. చిన్నవాళ్లు గేటు పట్టుకుని బస్సుకు టాటా చెప్పి, ఆనక గంటసేపు ఏడ్చేవాళ్లు. మొదటి ఏడు ఆ ఏడుపు విని, వచ్చే ఏడు రెండో తరగతిని నేనే తీసుకుపోతానని అందరి ముందూ అనేసినాను. నా నోరు అంతే, ముందు అంటుంది, తర్వాత నన్ను చిక్కుల్లో పెడుతుంది.

యాత్రకు మండల విద్యాధికారి అనుమతి కావాలి. ఆయనను మేము ఎం.ఈ.ఓ. అంటాం. పదిమంది పిల్లలకు ఒక టీచరు, ప్రతి పిల్లకూ ఇంటివాళ్ల సంతకం, ఏ పార్కుకు ఎందుకు పోతున్నామో ఒక పేజీ నోటు, ఇవీ షరతులు. ఆయన నోటిమాటగా ఇంకొకటి కలిపినాడు. ఒక్క పిల్ల ఏ ఆటా ఎక్కనియ్యలేదని ఏడ్చుకుంటూ తిరిగొచ్చినా, ఈ మండలంలో చిన్న తరగతులకు మళ్లీ యాత్ర మాటే ఉండదన్నాడు.

చివరికి రెండు పార్కులు తేలినాయి. ఒకటి విజయవాడ వైపు, చాలా పెద్దది. రెండోది ఒంగోలు దగ్గర, చిన్నది. ఒక రైలుబండి, ఒక రంగులరాట్నం, మోకాళ్ల లోతు నీళ్లు. మా సుబ్బారాయుడు సారు ఓటు పెద్దదానికే. "చిన్నదేంది మేడం, మన తిరునాళ్లలో లేనిది అక్కడేముంది?" అన్నాడు. ఆయనకు యాభై దాటినాయి, జెయింట్ వీల్ ఎక్కాలని ఎప్పటినుంచో కోరిక. దాన్ని నోటులో పిల్లల విజ్ఞానం కింద రాయమన్నాడు.

రెండు ఆదివారాలు పెట్టి నేనే పోయి చూసి వచ్చినాను. ఎన్ని ఆటలున్నాయని నేను లెక్కపెట్టను. మరుగుదొడ్డి ఎంత దూరం, కూర్చుని అన్నం తినడానికి నీడ ఉందా, ఎత్తు గీత ఎక్కడుంది, అవి చూస్తాను. ఆట ముందు బోర్డు మీద గీత ఉంటుంది, తల దానికి అందని పిల్లను ఎక్కనియ్యరు. నేను టేపు తీసి గీతలు కొలుస్తుంటే కాపలా మనిషి, "ఎక్కేది మీరేనా అమ్మా?" అని అడిగినాడు. పెద్ద పార్కులో గీత నూటపది సెంటీమీటర్లు, చిన్నదాంట్లో తొంభై.

బడికి వచ్చి ఆరోగ్య రిజిస్టరు తీసినాను. ఏటా ప్రతి పిల్ల ఎత్తూ బరువూ రాసే పుస్తకం అది. రెండో తరగతి పందొమ్మిది మందీ నూటపది దాటినవాళ్లే. ఇంకేం, పెద్ద పార్కే అని నోటు రాసి పంపితే అనుమతి కూడా వచ్చేసింది.

యాత్రకు వారం ముందు అంకమ్మ సంతకానికి వచ్చింది. గొర్రెలు మేపుకునే ఇంటి ఆమె. కూతురు లక్ష్మీదేవి పక్కనే ఉంది. నేను రిజిస్టరు తెరిచి, మీ పాప ఈ ఏడు అయిదు సెంటీమీటర్లు పెరిగింది, పెద్ద ఆటలే ఎక్కొచ్చని గొప్పగా చెప్పినాను.

అంకమ్మ పాపను పైనుంచి కిందికి చూసింది. "అట్ల ఎట్ల పెరిగింది పంతులమ్మా? నిరుడు కుట్టించిన గౌను ఇప్పటికీ మోకాళ్ల కిందికే ఉండాదే!"

పాపను గోడకు నిలబెట్టి కొలిచినాను. నూటఆరు. నిరుడు రాసిందీ నూటఆరే. మిగతావాళ్లనూ వరసగా నిలబెట్టి కొలిస్తే, లక్ష్మీదేవితో కలిపి ఎనిమిది మంది గీత కిందే తేలినారు. రిజిస్టరులో మాత్రం పందొమ్మిది మందీ కూడబలుక్కున్నట్టు సరిగ్గా అయిదేసి సెంటీమీటర్లు పెరిగినారు.

ఆ రిజిస్టరు రాసే సుబ్బారాయుడు సారును పిలిచి కేకలేసినాను. ఆయన తల గోక్కుని, "పిల్లలన్నాక పెరుగుతారు గదా మేడం, నిరుటిదానికి అయిదు కలిపినా" అన్నాడు. ఇంకా అరిచేదాన్నే, కానీ పాత బడుల్లో నేనూ అట్లనే కలిపి రాసినదాన్ని. అంతెందుకు, ఆ పేజీ కింద తనిఖీ చేసినట్టు ఉన్న సంతకం నాదే.

పార్కు మార్చాలంటే ఎం.ఈ.ఓ.కు కారణం రాయాలి. రాస్తే, మా ఎత్తుల పట్టిక కాకిలెక్క అని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. సంజాయిషీ అడుగుతూ మెమో వస్తుంది. మూడేళ్లలో రిటైరయ్యే మనిషికి ఆ మచ్చ ఎందుకని భయపడినాను, అబద్ధమెందుకు చెప్పాలి. ఒక రాత్రంతా ఆలోచించి, ఉన్నదున్నట్టు రాసి పంపినాను. మెమో వచ్చింది. దాని వెనకే ఎం.ఈ.ఓ. ఫోను కూడా వచ్చింది. "ఏంది మేడం, వారంలోనే మీ పిల్లలు కుంచించుకుపోయినారంట?"

ఒంగోలు దగ్గరి పార్కుకే పోయినాము. పందొమ్మిది మందీ అన్నీ ఎక్కినారు, రైలుబండి అయితే ఏడుసార్లు. జెయింట్ వీల్ లేక సుబ్బారాయుడు సారు రంగులరాట్నం గుర్రమెక్కినాడు, దింపడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత చిన్న తరగతుల యాత్రలకు ఎం.ఈ.ఓ. అడ్డు చెప్పలేదు.

చిన్నపిల్లలతో ఏ పార్కుకు పోవాలని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, ముందు పిల్లను గోడకు నిలబెట్టి కొలవండి, పార్కు సంగతి తర్వాత అంటాను. ఆ రిజిస్టరు ఎందుకు పెట్టినారో ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అప్పుడు తెలిసింది. ఏడాదంతా ఒక్క సెంటీమీటరూ పెరగని పిల్లను కనిపెట్టడానికి. లక్ష్మీదేవిని మార్కాపురంలో డాక్టరుకు చూపించినాము. ఒంట్లో రక్తం బాగా తక్కువ, కడుపులో నులిపురుగులు. ఆరునెలలు మందులు వాడినారు. మరుసటి జూన్‌లో నేనే కొలిచినాను, నూటతొమ్మిది. మూడు పెరిగింది. మూడే రాసినాను.